ముందే నింపిన ఫారం

జైల్లో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, పెళ్ళి భోజనాల దగ్గరా, చర్చి మెట్ల మీదా పిల్లలు నన్ను చుట్టుముట్టి ఒకటే ప్రశ్న అడుగుతారు. "ఆంటీ, మీరు చూసినోళ్ళల్ల అందరికన్న డేంజర్ ఖైదీ ఎవరు?" వాళ్ళకు కావలసింది కత్తులు, గోడ దూకడాలు. ఆడవాళ్ళ బ్యారక్‌లో ముప్పై ఏళ్ళకు పైగా తాళాలు తిప్పినదాన్ని, గోడ దూకిన ఆడమనిషిని ఒక్కదాన్ని కూడా చూడలేదు. జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళను చూశాను. నా మీద పప్పు గిన్నె విసిరినామెను చూశాను. వాళ్ళెవరూ ఇప్పుడు నా మనసులో లేరు. ఉన్నది ఒక్కసారి కూడా గొంతు పెంచని ఒక పిల్ల. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లల కోసం ఆమె సంగతి రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఏ జైలో చెప్పను. ఎవరి పేరూ చెప్పను. ఖమ్మం, భద్రాచలం దారుల్లో తిరిగేవాళ్ళు ఊహించుకుంటే ఊహించుకోండి, అవునని మాత్రం నా నోటితో అనిపించలేరు. నా గురించి చెప్పాలంటే, మాది ఇల్లందు. నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సైరన్ మోతకు అన్నం తిని, సైరన్ మోతకు పడుకున్న ఇల్లు మాది. అందుకే నాకు టైం అంటే ప్రాణం. ఏ పనైనా గడియారం చూసుకుని అయిపోవాలి. నా విజిల్ కంటే నా గొంతే ముందు వినపడుతుందని మా స్టాఫ్ ఎగతాళి చేసేవాళ్ళు. చివరి పదేళ్ళూ హెడ్ వార్డర్‌ని. ఆ టైం పిచ్చే నా కొంప ముంచింది.

ఎలాగో చెప్తాను. కోర్టు రిమాండ్ చేసిన మనిషి మా గేటు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఎప్పుడూ సాయంత్రమే అవుతుంది. ఆస్పత్రిలో చూపించి, కాగితాలు తిప్పి, పోలీసులు తెచ్చి అప్పగిస్తారు. అప్పటికి మాకు లాకప్ వేళ. మనుషుల లెక్క సరిచూసుకుని తాళం వేయాలి. ఆ హడావిడిలో కొత్తగా వచ్చినామెకు ఒక ఫారం నింపాలి. పేరు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, నగలు, జ్వరమా, గర్భమా, ఇట్లా ఒక పేజీ. అడుగున రెండు ప్రశ్నలుంటాయి. మానసిక జబ్బు ఏమైనా ఉందా? చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా?

ఆదివారం ములాఖత్‌లు, అంటే ఖైదీలను చూడటానికి ఇంటివాళ్ళు రావడాలు, ఉండవు. చర్చి నుంచి సరాసరి డ్యూటీకి వచ్చేదాన్ని. నాతోపాటు ఇంకో వార్డర్ ఉండేది, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, తనూ బాయి పనివాళ్ళ బిడ్డే, నన్ను అక్కా అనే పిలిచేది, నేను చెల్లె అనేదాన్ని. ఇద్దరం టీ తాగుతూ వారానికి సరిపడా ఖాళీ ఫారాలు ముందేసుకునేవాళ్ళం. తను స్టాంపు వేసేది. నేను అడుగున ఉన్న రెండు ప్రశ్నలకూ "లేదు", "లేదు" అని రాసేసేదాన్ని. మనిషి రాకముందే రాసేవాళ్ళం. సాయంత్రం ఎవరైనా వస్తే ఆ రెండు గళ్ళ టైం మాకు మిగులుతుందని. ఎవరైనా ఉందంటే కొట్టేసి మళ్ళీ రాద్దాంలే అనుకునేవాళ్ళం. ఎవరూ ఉందని అనలేదు, ఎందుకంటే మేం ఎవరినీ అడగలేదు. చూడటానికి మాత్రం ఆ ఫారాలు ముచ్చటగా ఉండేవి. తనిఖీకి వచ్చిన ఆఫీసరొకాయన నా చేతిరాతను మెచ్చుకున్నాడు కూడా.

మిరపకాయ కోతల రోజుల్లో ఆ పిల్ల వచ్చింది. దుమ్ముగూడెం దాటి అడవి అంచున ఉన్న ఊరు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఇంట్లో మాట్లాడే భాష వేరు, మా తెలుగు ఆమెకు సంతలో బేరానికి సరిపోయేంత వచ్చు. ఇరవై రోజుల పసిబిడ్డను వాగులో వదిలిందని కేసు. కింద వలలు ఉతుక్కుంటున్నవాళ్ళు చూసి బిడ్డను బయటికి తీశారు. బిడ్డ బతికింది. మొగుడు మిరప కోతలకు పోయి ఊళ్ళో లేడు. పోలీసులకు చెప్పింది అత్త. బిడ్డ ఆ అత్త దగ్గరే ఉంది.

రిమాండ్ కాగితం చదివాక నాకు ఆ పిల్ల మొహం చూడబుద్ధి కాలేదు. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. చేతులు ఎట్లా వచ్చాయే నీకు అనిపించింది. పేరడిగాను, పుట్టుమచ్చలు చూశాను, వేలిముద్ర వేయించాను. అడుగున రెండు "లేదు"లు ఆదివారం నుంచి ఆమె కోసం ఎదురు చూస్తూనే ఉన్నాయి. రవిక ముందుభాగమంతా పాలతో తడిసిపోయి ఉంది. ఒక తువ్వాలు విసిరి, "లోపలికి పోయి మార్చుకో" అన్నాను. బాలింతతో నేను మాట్లాడిన మాటలు ఆ రోజుకు అంతే.

తర్వాత రోజుల్లో ఆమె మా బ్యారక్‌లో అందరికన్నా మంచి ఖైదీ అయింది. తెల్లవారేసరికి వరండా కడిగి ఉండేది. కాసేపటికి చూస్తే మళ్ళీ అదే వరండా కడుగుతూ ఉండేది. అందరి కంచాలూ తనే తోమేది. తన అన్నం పక్కనున్నామెకు పెట్టేసేది. గొడవ లేదు, ఏడుపు లేదు, వకీలు ఎప్పుడొస్తారని అడగడం లేదు, ఎవరైనా చూడటానికి వచ్చారా అని అడగడం లేదు. పిలిస్తే లేచి నిలబడేది, ఏం చెప్పినా తలూపేది. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా "ప్రవర్తన చాలా బాగుంది" అని రాశాను. కొత్తగా వచ్చి కీచులాడుకునే ఆడవాళ్ళకు ఆమెను చూపించి, "గామెను చూసి నేర్చుకోండ్రి" అని బుద్ధులు కూడా చెప్పాను.

నాకు మొదట చెప్పింది మా ఉద్యోగులు కాదు, ఇంకో ఖైదీ. వేంసూరు దగ్గర్నుంచి వచ్చినామె. పొలం గట్టు తగాదాలో మరిది తల పగలగొట్టిందని కేసు. యాభై దాటిన మనిషి, షుగరు, నోరు మూతపడని రకం. మా బ్యారక్‌లో రేడియో లేని లోటు ఆమె తీర్చేది. ఒకరోజు నీళ్ళ కుండ దగ్గర నన్ను ఆపింది.

"మేడంగారూ, ఆ పిల్ల పడుకోవట్లేదండీ."

"పడుకోనిది నువ్వెట్ల చూసినవ్? నువ్వు గూడ పడుకుంటలేవా ఏంది?"

"నాకు షుగరు కదండీ, రాత్రికి నాలుగుసార్లు లేస్తాను. లేచినప్పుడల్లా గోడకానుకుని కూర్చునే ఉంటదండీ. కళ్ళు తెరిచే ఉంటయ్. మీరు మంచి పిల్ల, మంచి పిల్ల అంటారు గానీ, అది మంచితనం కాదండీ."

"డాక్టర్‌వు ఎప్పుడైనవ్ నువ్వు?" అని నవ్వి వచ్చేశాను. రెండోసారి చెప్పింది, విసుక్కున్నాను. మూడోసారి చెప్పినప్పుడు మాత్రం, ఆమె పోరు పడలేక, మా జైలుకు వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు ముందు ఆ పిల్లను కూర్చోబెట్టాను. ఆయన మంచివాడు. బీపీ చూశాడు, కళ్ళు చూశాడు, రెండు ప్రశ్నలడిగి జవాబు రాకపోతే చీటీ మీద రాశాడు. పెద్దాస్పత్రిలో మనసు జబ్బుల డాక్టర్‌కు చూపించాలని.

చీటీ రాయడం ఒక ఎత్తు, పెద్దాస్పత్రికి తీసుకుపోవడం ఒక ఎత్తు. ఖైదీ గేటు దాటాలంటే పోలీసు ఎస్కార్ట్ కావాలి. ఆడ ఖైదీ అయితే ఆడ కానిస్టేబుల్ ఉండాలి. మొదట ఇచ్చిన తేదీ నాటికి భద్రాచలంలో రాములవారి కళ్యాణం వచ్చింది. చుట్టుపక్కల పోలీసులంతా బందోబస్తుకు పోయారు. రెండో తేదీకి పోలీసులు వచ్చారు గానీ అందులో ఆడమనిషి లేదు. మూడో తేదీకి ఉన్న ఒక్క వ్యానూ కోర్టు వాయిదాలకు పోయింది. ప్రతిసారీ చీటీ మీద పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసుకుంటూ పోయాను. ఇక్కడ నేను ఎస్కార్ట్ మీద నెపం పెట్టి తప్పించుకోవచ్చు, చాలామంది దగ్గర అట్లాగే చెప్పుకున్నాను కూడా. నిజం ఏమిటంటే, ఆ పిల్ల అరిచి గోల చేసి ఉంటే నేను ఫోన్ల మీద ఫోన్లు కొట్టి ఎవరినో ఒకరిని రప్పించేదాన్ని. ఆమె వల్ల నాకు ఇబ్బంది లేదు కాబట్టి నేను ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

నెల దాటాక ఒక పొద్దున లెక్కకు అందరినీ వరుసలో నిలబెట్టాను. ఆమె నిలబడ్డట్టే నిలబడి కిందికి జారిపోయింది. వేంసూరామె పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. "రెండు రోజులయిందండీ, మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ" అని నా మీద కేకలేసింది. ఖైదీ నా మీద కేకలేస్తే ఊరుకున్న రోజు అదొక్కటే. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నాడి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో పూట ఆలస్యమైతే చేతికి దక్కేది కాదని తర్వాత డాక్టర్లు అన్నారు. మనసు చెడితే మూడు తేదీలు మారినా దొరకని ఎస్కార్ట్, ఒళ్ళు పడిపోగానే పావుగంటలో దొరికింది.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. రెండో రోజుకు కాస్త తేరుకున్నాక మనసు జబ్బుల డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నెమ్మది మనిషి. ఎంత అడిగినా పిల్ల నోరు విప్పలేదు. డాక్టరమ్మ వార్డు తుడిచే ఆయమ్మను పిలిచింది. ఆ ఆయమ్మది కూడా దుమ్ముగూడెం వైపే. చీపురు పక్కన పెట్టి మంచం మీద కూర్చుని, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. అంతే. నెల రోజులుగా మూసుకున్న నోరు తెరుచుకుంది. చాలాసేపు మాట్లాడింది. గొంతు ఇట్లా ఉంటుందా అనుకున్నాను, అప్పటిదాకా నేను విననే లేదు.

ఆయమ్మ కళ్ళు తుడుచుకుని మాకు చెప్పింది. "ఒళ్ళో ఉన్నది తన పిల్ల కాదనుకున్నదట మేడం. తన పిల్ల వాగుల ఏడుస్తున్నట్టు ఇనొచ్చిందట. రాత్రి పగలు అదే ఏడుపట. ఒళ్ళో ఉన్నదాన్ని వాగుకు ఇచ్చి తన పిల్లను తెచ్చుకునేటందుకు పోయిందట. గిప్పుడు గూడ ఇనొస్తదట. గా సప్పుడు ఇనపడకుండ నీళ్ళు పోసి కడుగుతనే ఉన్నదట."

ఆ పిల్ల బిడ్డను చంపడానికి పోలేదు, తెచ్చుకోవడానికి పోయింది. నేను మెచ్చుకున్న ఆ వరండా కడగడం అదీ.

"కాన్పయ్యాక కొంతమందికి ఇట్లా వస్తుంది" అంది డాక్టరమ్మ. "వాళ్ళ తప్పేం లేదు. మందులు పడితే తగ్గుతుంది. ముందే తీసుకురావలసింది." తర్వాత కాగితం తీసి నన్ను అడిగింది. "జైలుకు వచ్చిన రోజు ఎలా ఉంది? మీరేమైనా గమనించారా?"

"మంచిగనే ఉండె మేడం. ఫారంల గూడ ఏం లేదనే ఉన్నది."

"ఫారం ఎవరు నింపారు?"

"నేనే."

"అడిగే నింపారు కదా?"

"అవ్ మేడం. అడిగిన."

ఎందుకు అబద్ధం ఆడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె నన్ను నిలదీయలేదు, గట్టిగా కూడా అడగలేదు. నోటికి అదే వచ్చింది. డాక్టరమ్మ నా మాట నమ్మి రాసుకుంది.

ఆ అబద్ధం అక్కడితో ఆగితే నేను ఇది రాసేదాన్ని కాదు. ఆ పిల్ల తరఫున లీగల్ ఎయిడ్ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. స్కూటీ మీద, నెత్తికి చున్నీ చుట్టుకుని, ఎండలో ఎర్రగా కంది వచ్చేది. కాన్పు జబ్బుతో జరిగింది, వైద్యం చేయించాలి, బెయిల్ ఇవ్వండని పిటిషన్ వేసింది. వాయిదా నాడు కోర్టు నుంచి వచ్చి నా బల్ల ముందు కూలబడింది.

"మేడం, మీ ఫారం మమ్మల్ని చంపేటట్టున్నది. జైలుకు వచ్చిన్నాడు ఏ జబ్బూ లేదని జైలోళ్ళే రాసిండ్రు గద, గిప్పుడు శిక్ష తప్పించుకునేటందుకు నాటకం ఆడుతున్నదని ప్రభుత్వ వకీలు అంటున్నడు. డాక్టర్ రిపోర్ట్‌ల గూడ 'అడిగి నింపారు' అనే ఉన్నది. ఆ ఫారం ఎట్ల రాసిండ్రో జైలు నుంచి రిపోర్ట్ పంపమని జడ్జిగారు అడిగిండ్రు."

"బెయిల్ రాకపోతే?"

"కేసు నడిచినన్ని ఏండ్లు లోపలే. పిల్ల తల్లి మొహం మర్చిపోతది. అసలు ఈమె గన్ని ఏండ్లు ఉంటదా అని నాకు భయం" అంది.

సూపరింటెండెంట్‌గారు వరంగల్ వైపు మనిషి, స్టాఫ్‌ను కసిరే రకం కాదు. నన్ను పిలిచి, "ఫారం ఉన్నదున్నట్టు పంపిద్దామమ్మా, అడిగి నింపినమని ఒక లైన్ రాసియ్యండి" అన్నాడు. సరే సార్ అని వచ్చాను. ఆ లైన్ రాయడానికి రెండు నిమిషాలు పట్టదు, రెండు రోజులైనా రాయలేకపోయాను.

మూడో రోజు ఆదివారం. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను కళ్ళు తెరుచుకుని ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. డ్యూటీకి వచ్చేసరికి మా చెల్లె టీ తెప్పించి, ఫారాల కట్ట బల్ల మీద పెట్టి, స్టాంపు చేతిలో పట్టుకుని ఉంది. కలం తీశాను. మొదటి ఫారం మీద 'లే' రాసి ఆగిపోయాను.

"నేను రాయ" అన్నాను.

"చేతి నొప్పా అక్కా? నేను రాస్త తియ్యి."

"నువ్వు గూడ రాయకు. ఆ దుమ్ముగూడెం పిల్ల ఫారం గిట్లనే రాసిన గద. అడగకనే రాసిన అని సార్‌కు చెప్త."

ఆమె స్టాంపు కింద పెట్టింది. మొహం మాడిపోయింది. "నీకేమైందక్కా? నీది ఒక్కటి తప్పంటే ఇన్నేండ్ల ఫారాలన్నీ తీస్తరు. స్టాంపులన్నీ నావే. నీకు రెండేండ్లయితే రిటైర్‌మెంట్. నాకు ఇంక పదిహేడేండ్ల సర్వీసున్నది. పిల్లలు చదువుకుంటున్నరు. ఆ పిల్ల కోసం నన్ను ముంచుతవా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. "రాసింది నేనే అని చెప్త, నీ పేరు ఎత్తనే ఎత్త" అన్నాను. ఆమె టీ తాగకుండానే లేచిపోయింది. ఆ తర్వాత చాలాకాలం నాతో డ్యూటీ మాటలే మాట్లాడింది. తర్వాత పైనుంచి వచ్చిన మెమో కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సోమవారం సార్‌కు ఉన్నదంతా చెప్పాను. ఆయన బల్ల మీది గాజుపలకను గోటితో గీశాడు. "మీరు ఇంకా రెండేండ్లే గదమ్మా ఉండేది" అన్నాడు. "అవ్ సార్. ఆ పిల్లకు ఇరవై మూడేండ్లు సార్" అన్నాను. తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. కాగితం మీద రాసినది చాలదని, నేను స్వయంగా కోర్టుకు పోతానని అడిగితే, దానికీ సంతకం పెట్టాడు. ఆయన అడ్డుపడి ఉంటే నేను మళ్ళీ జారిపోయేదాన్నేమో.

కోర్టుకు వేలసార్లు పోయాను. ఎప్పుడూ ఖైదీ పక్కన నిలబడ్డాను గానీ, జవాబు చెప్పేవాళ్ళు నిలబడే చోట ఎన్నడూ నిలబడలేదు. యూనిఫాం మడత నలగకుండా వేసుకుని పోయాను. జడ్జిగారు ఫారం పైకెత్తి చూపించి, "ఈ రెండు జవాబులు ఖైదీని అడిగే రాశారా?" అన్నారు.

"లేదండి. అడగలేదు."

"మరి చూసి రాశారా?"

"చూడలేదు కూడా అండి. ఆమె రాకముందే రాసి పెట్టాను."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. "రాకముందే ఎందుకు రాశారు?"

ఎంత ఆలోచించినా ఇంకో కారణం దొరకలేదు. "టైం కలిసొస్తుందని అండి" అన్నాను. డాక్టరమ్మకు చెప్పింది కూడా అబద్ధమేనని చెప్పాను. ఇంత వయసొచ్చి, ఇంతమంది ముందు, ఆ మాటలు అంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనున్న ప్రభుత్వ వకీలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంత కోపం ఆయన ఖైదీల మీద కూడా చూపించి ఉండడు.

ఆ రోజే బెయిల్ రాలేదు. ముందు ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయించి రిపోర్ట్ ఇవ్వమన్నారు. జైల్లో ఉన్న ఆడవాళ్ళందరినీ మళ్ళీ అడిగి, కొత్తగా ఫారాలు నింపమన్నారు. ఆ పని నా మీదే పడింది, శిక్షగా అనుకుంటాను. ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను. అర నిమిషంలో రాసే రెండు గళ్ళకు ఒక్కోసారి గంట పట్టింది. వేంసూరామె వంతు వచ్చింది. ఇంత నోరున్న మనిషికి ఏముంటుందిలే అని నవ్వుతూనే అడిగాను. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తదా?" ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె రేడియోలా ఎందుకు మాట్లాడేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఫారం మీద, నా సర్వీసులో మొదటిసారి, "ఉంది" అని రాశాను. అదొక్కటే కాదు, ఇంకా రాశాను.

ఎస్కార్ట్ కష్టాలు తీరలేదు. ఆ చీటీలు పట్టుకుని సూపరింటెండెంట్‌గారు తిరిగి తిరిగి, చివరికి డాక్టరమ్మనే నెలకు రెండుసార్లు మా దగ్గరికి వచ్చేట్టు చేశాడు. ఆమె నాతో ముభావంగానే ఉండేది, ఉండాల్సిందే. నా మీద విచారణ జరిగింది, సర్వీసు పుస్తకంలో మచ్చ పడింది. రిటైర్‌మెంట్ రోజు దండ వేసినవాళ్ళలో సగం మంది దాని గురించే గుసగుసలాడుకున్నారు. మా చెల్లె మాత్రం ఆ రోజు నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు, అది నా అదృష్టం.

ఆ పిల్లకు మందులు పడ్డాయి. వాగులో ఏడుపు ముందు దూరమైంది, తర్వాత ఆగింది. ఆగాక ఏం జరిగిందో ఆమెకు తెలిసివచ్చింది. తనను తాను ఏమైనా చేసుకుంటుందేమోనని డాక్టరమ్మ భయపడిన రోజులు అవే. అప్పుడు ఏడ్చింది, వారం రోజులు ఏడ్చింది. ఏడుస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను, చేతిలో కలం లేకుండా. రిపోర్ట్ పోయాక బెయిల్ వచ్చింది. మందులు మానకూడదు, ఆస్పత్రికి చెప్పిన తేదీకి రావాలి, బిడ్డతో ఒంటరిగా వదలకూడదు, ఎవరో ఒకరు పూచీ పడాలి అన్నారు. కేసు ఇంకా ఉంది. లాయరమ్మ స్కూటీ మీద ఆ ఊరు పోయి, పూచీ పడే మనిషిని వెతికి తెచ్చింది. ఆ మనిషి ఎవరో ముందు నాకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేను గేటు దాకా తీసుకొచ్చాను. గోడ నీడన ఒక ఆడమనిషి బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. నా ఈడుదే, పదేళ్ళు పెద్దగా కనపడింది. అత్త. కేసు పెట్టిన అత్త. కోడలు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. బిడ్డ వంక చూసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. అత్త దగ్గరికి వచ్చి ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. వాళ్ళ భాషలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"మేడం, దీనికి మళ్ళ గట్లనే అయితే నాకు ఎట్ల ఎరుకైతది?"

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "నిద్ర పోది. తిండి తినది. ఎవ్వరితోని మాట్లాడది. చేసిన పనే మళ్ళ మళ్ళ చేస్తది. గట్ల కనపడితే ఒక్క దినం గూడ చూడకు, జల్దీ దవాఖానాకు తీస్కరా."

ఆమె శ్రద్ధగా విన్నది. "జైల్ల గూడ గట్లనే ఉండెనా?"

"అవ్. నెల దాటి ఉన్నది."

"మరి మీరు చూస్తనే ఉంటిరి గద?"

సెంట్రీ తల అటు తిప్పుకున్నాడు. ఈమెకు చెప్పడం కంటే జడ్జిగారికి చెప్పడమే సులువనిపించింది. "చూస్తనే ఉన్న. నాకు ఎరుక కాలె" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనే నిలబడ్డాను. ఆమె బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"నా ఇంట్ల గూడ గట్లనే ఉండె మేడం. బాలింతయి గూడ పండుకోకుంట పని జేస్తున్నదని మురిసిన. పోలీసోళ్ళు అడిగితే, రోగం ఏం లేదు, మంచిగనే ఉండె అని నేనే చెప్పిన."

కోడలి చేతిలోని మందుల కవరు తీసుకుని కొంగున ముడేసుకుంది. బిడ్డ భుజాన ఉండగానే, రెండో చేత్తో కోడలి రెక్క పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.